రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య నుంచి నన్ను తప్పించిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నేను తాగుబోతును కాను, పేకాట ఆడినవాడిని కాను, మంచం పట్టి లేచినవాడిని కూడా కాను. అందుకే పాస్టరు గారు సాక్ష్యం చెప్పమని అడిగినప్పుడల్లా నాకేం సాక్ష్యం ఉందండీ అని తప్పించుకునేవాడిని. కాని నేను పడి ఉన్న గుంట ఆ గుంటలన్నిటికంటే లోతైనది, ఎందుకంటే నేను అందులో ఉన్నంతకాలం చుట్టూ ఉన్నవాళ్ళందరూ నన్ను చాలా మంచివాడు అన్నారు! మంచివాడు అని పిలిపించుకోవడం కోసం నేను రోజూ అబద్ధమాడేవాడిని. అది లేకపోతే నాకు పూట గడిచేది కాదు.

నా పేరు ప్రభుదాసు, మాది ధవళేశ్వరం. రాజమండ్రి దానవాయిపేటలో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. రోగి పేరు రాసుకోవడం, పరీక్షల రిపోర్టులు, మందుల చీటీలు, ఇవన్నీ కంప్యూటరులో ఉండేలా చేయడమే మా పని. ఒక గదిలో సాఫ్ట్‌వేర్ రాసే డెవలపర్లు, ఇంకో గదిలో దానిలో తప్పులు పట్టే టెస్టర్లు ఉండేవారు, టెస్టర్లకు నేను లీడును. టెస్టర్లు పట్టిన ప్రతి తప్పునూ టెస్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాసేవారు, డెవలపర్లేమో తాము సరిచేయవలసినవన్నీ ఇష్యూ ట్రాకర్ అనే వేరే సాఫ్ట్‌వేర్‌లో చూసుకునేవారు, ఒకదానిలో రాసింది రెండోదానిలో కనబడేది కాదు. మధ్యలో నేను! ఇక్కడ చదివి అక్కడ రాసేది నేనే, అక్కడ జరిగింది వచ్చి ఇక్కడ చెప్పేది నేనే.

సహోదరులారా, మన గోదావరి వాళ్ళ మర్యాద మీకు తెలుసు, భోజనానికి పిలిచిన ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే “ఉప్పు కాస్త ముందుందండి” అనే ఊళ్ళవాళ్ళం మనం. ఆ మర్యాదను నేను పనిలోకి తీసుకెళ్ళాను. డెవలపర్ల పెద్ద, భీమవరం వైపు నుంచి వచ్చిన రాజు గారు, నవ్వుతూ మాట్లాడే మనిషి, పొద్దున్నే నన్ను కాఫీకి పిలిచేవారు, ఆ కాఫీ తాగిన నోటితో మీ పనిలో ఘోరమైన తప్పు ఉందండి అని ఎలా చెప్పను? మా టెస్టరు “క్రిటికల్, వెంటనే సరిచేయాలి” అని రాసినదాన్ని నేను ట్రాకర్‌లో “చిన్న తేడా, వీలున్నప్పుడు చూడగలరు” అని రాసేవాడిని. టెస్టర్లు అడిగితే “గట్టిగా చెప్పానమ్మా, చేస్తామన్నారు” అనేవాడిని. వాళ్ళకు అనుమానం రాకుండా టెస్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాళ్ళు రాసినదాన్ని కూడా నా లాగిన్‌తో మెత్తగా దిద్దేసేవాడిని, ఎవరు ఎప్పుడు ఏం దిద్దారో చూపించే చరిత్ర లీడుకు తప్ప ఇంకెవరికీ కనబడదు కదా! అటువాళ్ళు ప్రభుదాసు గారు బంగారం అనేవారు, ఇటువాళ్ళు మా సార్ దేవుడు అనేవారు, నేను ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాడిని.

మా టెస్టర్లలో సునీత అని ఒక అమ్మాయి ఉండేది. మొగల్తూరు దగ్గర సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం వాళ్ళది, ఆ ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషి ఆమే. ఒకే క్షణంలో రెండు కౌంటర్లలో సేవ్ నొక్కితే ఒక రోగి రక్తపరీక్ష రిపోర్టు ఇంకో రోగి పేరు కింద పడిపోతున్నదని ఆమె పట్టుకుంది. క్రిటికల్ అని రాసి, ఇది బయటికి వెళ్ళకూడదు సార్ అని నోటితో కూడా చెప్పింది. ఆ వారమే రాజు గారింట్లో గృహప్రవేశం, నేను సకుటుంబంగా వెళ్ళి భోజనం చేసి వచ్చాను, వచ్చి ఆ తప్పును కూడా “అప్పుడప్పుడు చిన్న తేడా” అని రాశాను. సాఫ్ట్‌వేర్ అలాగే కోనసీమలో ఒక ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

అక్కడ ఒక బాలింతకు రక్తం ఎక్కించవలసి వచ్చింది, కంప్యూటరులో ఆమె పేరు కింద వేరొకరి గ్రూపు ఉంది. ఎక్కించే ముందు రక్తాన్ని మళ్ళీ సరిచూసుకునే పద్ధతి ఆ ఆసుపత్రిలో ఉండబట్టి ఆ తల్లి బతికింది. దేవునికే మహిమ! ఆ సంగతి ఆసుపత్రివాళ్ళు మాకు ఫోను చేసి చెప్పారు.

మా యజమాని మూర్తి గారు అందరినీ కూర్చోబెట్టి, దీన్ని పరీక్షించింది ఎవరని అడిగారు. సునీత లేచి, నేనేనండి, క్రిటికల్ అని రాశానండి అంది. ట్రాకర్ తెరిస్తే “చిన్న తేడా” అని ఉంది, టెస్టింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే అక్కడా “చిన్న తేడా” అనే ఉంది. ఆ అమ్మాయి స్క్రీను వైపు చూసి, నా వైపు చూసింది. నేను తల వంచుకుని నా చేతి గోళ్ళు చూసుకున్నాను. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి నా నోట రాలేదు! తప్పును చిన్నదని రాసి ఇప్పుడు అబద్ధమాడుతున్నావని ఆమెను అందరి ముందూ అని, సోమవారం నుంచి రావద్దమ్మా అని మూర్తి గారు చెప్పేశారు. ఇకమీదట చేత్తో మోసే పద్ధతి వద్దని, రెండు సాఫ్ట్‌వేర్లనూ నేరుగా కలిపేయమని, రెండూ తెలిసినవాడు కాబట్టి ఆ పని ప్రభుదాసే చేయాలని అన్నారు. చూశారా సహోదరులారా, శిక్ష ఆమెకు, నమ్మకం నాకు!

అది గురువారం. మరునాడు మన సంఘంలో శుక్రవారపు ఉపవాస ప్రార్థన, ఎవరి భారం వాళ్ళే లేచి చెప్పుకోవడం మన ఆనవాయితీ. నేను లేచి ఏం చెప్పానో తెలుసా? మా ఆఫీసులో ఒక చెల్లి ఉద్యోగం పోతున్నది, ప్రార్థించండి అన్నాను! ఆ ఉద్యోగం పోగొట్టిన నేనే ప్రార్థన అడిగాను, సంఘమంతా కన్నీళ్ళు పెట్టుకున్నది, నా పక్కనున్న సహోదరుడు నా మంచి మనసుకు నా భుజం తట్టాడు. అప్పుడు వెనక చాప మీద కూర్చున్న మన మరియమ్మ గారు గొంతెత్తారు. “తండ్రీ, ఆ పిల్ల గురించి మాకు బెంగ లేదయ్యా, ఆ పిల్లను నువ్వే చూసుకుంటావు. ఆ పిల్ల నోరు నొక్కినవాడు ఎక్కడున్నాడో, వాడికి అన్నం ఎలా దిగుతోందో, వాణ్ణి కూడా వదలకయ్యా, వాడూ నీ బిడ్డేనయ్యా.” ఆవిడకు ఏమీ తెలియదు! నేను బయటికి వచ్చి చెప్పుల దగ్గర చతికిలబడి ఏడ్చాను, మా ఆవిడ రత్నం వచ్చి ఏమైందండీ అంటే ఉపవాసం కదా, కళ్ళు తిరిగాయి అన్నాను. అది కూడా అబద్ధమే.

శనివారం ఉదయం పని మొదలుపెట్టాను. టెస్టింగ్ సాఫ్ట్‌వేర్‌కు ట్రాకర్ చిరునామా చెప్పాలి, తాళంచెవిలాంటి ఒక పొడుగాటి కోడు ఇవ్వాలి, మన దగ్గర క్రిటికల్ అన్నది వాళ్ళ దగ్గర ఏ పేరుతో ఉందో జతచేయాలి, వాళ్ళు సరిచేశామని పెడితే మన దగ్గర మళ్ళీ పరీక్షించాలి అని రావాలి కాని ముగిసిపోయింది అని రాకూడదు. మొదట ఎంతకూ కలవలేదు. కలిశాక ఇంకో చిక్కు, నేను ఒక వ్యాఖ్య రాస్తే అది ట్రాకర్‌కు వెళ్ళి, ట్రాకర్ దాన్ని కొత్తది అనుకుని తిరిగి పంపి, మనది మళ్ళీ అటు పంపి, స్క్రీను అంతా అదే మాట! పక్కన నిలబడి చూస్తున్న రాజు గారు, “ఆయ్, మా ఊరి పెళ్ళిలో మర్యాదల్లా ఉందండి. మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని. ఎవరో ఒకళ్ళు కూర్చోవాలి కదండీ” అన్నారు. అవతల నుంచి తిరిగొచ్చిన వ్యాఖ్యను మళ్ళీ పంపవద్దని ఇటువైపు నియమం పెట్టాను, ఆగింది. అప్పుడు ఒక ఉత్తుత్తి తప్పును రాసి సేవ్ నొక్కానో లేదో, సహోదరులారా, అవతలి గదిలో రాజు గారి కంప్యూటరులో అది ప్రత్యక్షమైంది, ఆయన సరిచేశామని పెడితే నా దగ్గర మళ్ళీ పరీక్షించాలి అని వెలిగింది! ఎవరూ మోయలేదు, ఎవరూ మెత్తబరచలేదు, రాసింది రాసినట్టు వెళ్ళింది! నా ఒళ్ళు ఝల్లుమంది. ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచినప్పుడు దేవాలయంలో దేవునికీ మనిషికీ మధ్య ఉన్న తెర చినిగిన దినం నాకు గుర్తొచ్చింది, అన్నేళ్ళు అక్కడ తెరలా వేలాడింది నేనే కదా!

కాని ఇంకా ఒకటి మిగిలింది. చివరి పేజీలో చిన్న గడి ఉంది. పాత తప్పులను కూడా, వాటిలో ఎవరెవరు ఏం మార్చారో ఆ చరిత్రతో సహా అవతలికి పంపాలా అని అడుగుతున్నది. గడి ఖాళీగా ఉంది. ఖాళీగా వదిలేస్తే కొత్తవి మాత్రమే వెళ్తాయి, పాతవి ఎందుకు పంపలేదని నన్ను అడిగే నాథుడు లేడు, పని బాగా చేశావని మెచ్చుకుంటారు, సోమవారం సునీత బస్సెక్కి మొగల్తూరు వెళ్ళిపోతుంది. టిక్కు పెడితే నేను దిద్దిన ప్రతి మాటా నా పేరుతో డెవలపర్లందరి ముందూ పరుచుకుంటుంది. మౌస్ వదిలేసి కళ్ళు మూసుకున్నాను. నాకు చక్కటి ప్రార్థనలు చాలా వచ్చు, కాని ఆ మధ్యాహ్నం వచ్చింది ఇంతే: “ప్రభువా, నేను మంచివాణ్ణి కాదు. వీళ్ళకు తెలిసిపోతే నాకు ఏమీ మిగలదు. నువ్వు మిగులుతావా?” అంతే అడిగాను. చెవికి ఏ స్వరమూ వినబడలేదు, దర్శనమూ రాలేదు, కాని నా చెయ్యి మళ్ళీ మౌస్ మీదికి వెళ్ళింది. టిక్కు పెట్టి నొక్కాను!

వరద గేట్లు ఎత్తినట్టే వెళ్ళాయి. ఒక్కొక్కటి వెళ్తుంటే డెవలపర్లకు ఒక్కొక్క మెయిల్, మొదట సునీత రాసినది, కింద ప్రభుదాసు మార్చినది, మొదట ఇంకో టెస్టరు రాసినది, కింద ప్రభుదాసు మార్చినది. అవతలి గదిలో నవ్వులు ఆగిపోయాయి. రాజు గారు వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డారు. నేనే అన్నాను, మీరు బాధపడతారని తగ్గించి రాశానండి అని.

“మేం అడిగామా అండీ, తగ్గించి చెప్పమని?” అన్నారాయన. “ఆ తల్లికి ఏమన్నా అయ్యుంటే, ఆ పాపంలో మాకూ వాటా పెట్టేసేవారు కదండీ, మాకు తెలియకుండా.”

అన్నేళ్ళ నా మర్యాదంతా ఆ మాటతో రాలిపోయింది, నేను కాపాడింది ఆయన మనసును కాదు, నా పేరును! వెంటనే మూర్తి గారి గదికి వెళ్ళి అంతా చెప్పాను, ఆ గుమ్మంలో నుంచే సునీత ఉండే హాస్టలుకు ఫోను చేసి ఆమెకూ చెప్పాను, క్షమించమ్మా అన్నాను.

“నేనే తప్పు రాశానేమో అనుకున్నాను సార్” అంది. “నా కళ్ళనే నేను నమ్మడం మానేశాను. క్షమించానని ఇప్పుడే అనలేను సార్.”

అనవద్దమ్మా అన్నాను. ఇంటికి వెళ్ళి రత్నానికి మొదటి నుంచి చెప్పాను. ఆవిడ అంతా విని, “ఇన్నాళ్ళూ నా వంట బాగుందన్నారే, అది కూడానా?” అంది. సహోదరులారా, దానికి నిజం చెప్పడానికి నాకు ఆ గడిలో టిక్కు పెట్టడం కంటే ఎక్కువ కృప కావలసి వచ్చింది!

సోమవారం మూర్తి గారు అందరి ముందూ సునీతకు చేతులు జోడించి, నా లీడు పదవి తీసి ఆమెకు ఇచ్చారు, నన్ను పంపేయకుండా ఆమె కింద టెస్టరుగా ఉంచారు. ఆసుపత్రి తప్పును రాజు గారి మనుషులు వెంటనే సరిచేశారు, దాన్ని మళ్ళీ పరీక్షించే పని సునీత నాకే ఇచ్చింది. నేను అంతా బాగుంది అని రాస్తే, మూడు కౌంటర్లతో చూశారా సార్ అని తిప్పి పంపింది. చూస్తే అక్కడ ఇంకా తేడా ఉంది! నేను ఉన్నది ఉన్నట్టు క్రిటికల్ అని రాశాను, నా పేరుతో రాశాను, సేవ్ నొక్కాను, అది నేరుగా రాజు గారి ముందుకు వెళ్ళింది, నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆఫీసు అని కూడా మరచి హల్లెలూయా అన్నాను! అవతలి గది నుంచి రాజు గారు, “మా తప్పులు దొరికినందుకా అండీ అంత సంబరం” అన్నారు. అవునండి, అందుకే! ఆ తప్పు కూడా సరిచేశాకే ఆ సాఫ్ట్‌వేర్ మళ్ళీ కోనసీమ వెళ్ళింది. కొన్ని నెలల తరువాత ఒక రోజు టీ దగ్గర సునీత నన్ను సార్ అనడం మాని అన్నయ్యా అంది. అంతకంటే నేనేమీ అడగలేదు, దేవుడు అంతవరకూ ఇచ్చాడు.

ప్రియులారా, అందరికీ మంచివాళ్ళుగా ఉండి అలసిపోయినవాళ్ళు ఈ సంఘంలో ఉన్నారని నాకు తెలుసు, నేను మీలాంటివాడినే కనుక గుర్తుపట్టగలను. మీరు మెత్తబరచి దాచినదాని వల్ల ఎక్కడో ఒకరు నింద మోస్తూ ఉండవచ్చు, ఈ రోజే లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. పేరు పోతుంది, నిజమే, నాదీ పోయింది, కాని పేరు పోయిన చోట ప్రభువు నన్ను వదిలి వెళ్ళలేదు, మిమ్మల్నీ వదలడు! భయంగా ఉంటే వచ్చే శుక్రవారం ప్రార్థనకు రండి, వెనక చాప మీద మీ పక్కన కూర్చుంటాను, మీ చెయ్యి పట్టుకుంటాను. మీ తరఫున మాత్రం నేను మాట్లాడను, లేచి మీరే చెప్పుకోవాలి. నన్ను మధ్య నుంచి తప్పించి బతికించిన దేవునికే మహిమ కలుగును గాక!