పలక మీది పేరు

సౌదీలోని హుఫూఫ్ పాతబజారులో ఇరవై రెండేళ్లుగా గడియారాలు బాగుచేస్తున్న భోజన్నకు ఆగిపోయిన గడియారం మీద ఎన్నడూ కోపం రాలేదు. నడుస్తున్న ఈ ఒక్కదాని మీద మాత్రం వారం రోజులుగా పళ్లు నూరుతున్నాడు. గంటలు బుద్ధిగా కొడుతుంది గానీ తనను ఎవరు చేశారో చెప్పి చావదు.

అది అతనికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ అబూ నాసర్‌కు పెదనాన్న ఇంటి నుంచి వచ్చిన గోడ గడియారం. అతిథులు కూర్చునే మజ్లిస్‌లో తగిలించి, ఫలానావాళ్లు చేసిందని వచ్చినవాళ్లకు చెప్పుకోవాలని ఆయన సరదా. గడియారాల దుకాణాల్లో ఇక సౌదీలే కూర్చోవాలని కొత్త రూలు వచ్చింది. పరదేశి పనివాడి మీద సర్కారుకు కట్టే లెవీ ఏటేటా పెరుగుతోంది. నెలాఖరుకు ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తానన్న ఆయనే, చేసినవాడి పేరు కనిపెడితే లెవీ తాను కట్టుకుని ఇంకో ఏడాది గోదాములో ఉంచుకుంటానన్నాడు. భోజన్నకు సరిగ్గా ఆ ఏడాదే కావాలి. కోరుట్లలో కూతురు కావ్య నర్సింగ్ చివరి సంవత్సరంలోకి వచ్చింది.

యంత్రం విప్పాడు. ఒక పక్క చూస్తే ఫ్రాన్సుదిలా ఉంది, ఇంకో పక్క చూస్తే జర్మనీదిలా ఉంది. ఫోన్లో వందల ఫోటోలు చూసి కళ్లు మంటలెత్తాయి. చేసినవాడి ముద్ర ఉండాల్సిన వెనక పలక అద్దంలా నున్నగా ఉంది. ఏ మహానుభావుడో పేరు వేసుకోవడానికి సిగ్గుపడ్డాడని తిట్టిపోశాడు.

గదిలో ఉండే ఊరివాడు పీరయ్యకు ఇదంతా వింతగా తోచింది.

"ఏదన్న లండన్ పేరు చెప్పి పడెయ్యే అన్నా. ఆయనకేం ఎరుక?"

"ఆయనకు ఎరుక లేదు. నాకెరుకే గద."

అన్నాడే గానీ, తెల్లారి దుకాణానికి వెళ్లేసరికి ఒక ఇంగ్లీషు పేరు నాలుక చివర సిద్ధంగానే ఉంది. కావ్య గుర్తొస్తే ఎంతటి పట్టుదలైనా నీరుగారుతుంది మరి.

బిగించే ముందు చివరిసారి స్ప్రింగు డబ్బా తీసి చూశాడు. బాగుచేసిన ప్రతివాడూ లోపల కనపడని మూలన సూదితో పేరూ ఏడూ గీయడం ఈ పనివాళ్ల అలవాటు. అక్కడ మూడు అరబ్బీ రాతలున్నాయి. నాలుగోది తెలుగు. భో, 96.

తన చేతిరాతే. తాను ఇక్కడికి కొత్తగా వచ్చిన ఏడు అది. ఇత్తడి ఎంత మెరిస్తే అంత పనితనమనుకుని ప్రతి పలకనూ గరుకు కాగితంతో రుద్దేవాడు. దీని వెనక పలక మీద కూడా మసక మసగ్గా ఏవో అక్షరాలుండేవి. మచ్చలతో పాటు అవీ పోయాయని అప్పుడు మురిసిపోయాడు కూడా. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు. వారంగా తిట్టిన తిట్లన్నీ తిరిగొచ్చి తన నెత్తినే పడ్డాయి. ఆ ఇంగ్లీషు పేరు ఇక నోరు దాటలేదు.

అబూ నాసర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన కోప్పడలేదు, ఎగ్జిట్ కాగితమూ ఆపలేదు. మజ్లిస్‌లో అడిగినవాళ్లకు ఏదో ఒక పేరు చెప్పాలి కదా అని, భోజన్న పేరే ఖాయం చేసి, ఇంటిపేరు కూడా అడిగి రాసుకున్నాడు.

అలా గడియారానికి పేరు దొరికింది. భోజన్నకు ఆ ఏడాది దొరకలేదు.