చైనావాళ్ల తల్లికి మా అత్తగారి మొక్కు

మా అత్తయ్యగారు చేప ముట్టడం మానేశారు. కొల్లేటి పల్లెలో పుట్టి, కొల్లేటి పల్లెలోనే కాపురం చేసిన మనిషి. ముళ్లన్నీ నోట్లోనే ఏరి పళ్లెం అంచున బుద్ధిగా వరసపెట్టేవారు. పెంటపాడు వరిచేల మధ్య పెరిగిన నాకు చేప తినడం నేర్పింది ఆవిడే. ఇప్పుడు ఇంట్లో పులుసు ఉడుకుతుంటే ఆవిడ పెరుగన్నంలో మాగాయ ముక్క నంజుకుని లేచిపోతారు. దానికి కారణం నేను. ఆవిడ పక్కన కూర్చుని తినాలంటే ముద్ద దిగదు నాకు.

మా ఆయన చెరువులు చేస్తూ చేపల మేత కూడా అమ్ముతారు. బాగా అమ్మిన డీలర్లని కంపెనీవాళ్లు జంటగా ఏదో ఒక దేశం తిప్పి తీసుకొస్తారు. ఆ ఏడు మలేషియా అన్నారు. తీరా బయల్దేరే వారంలోనే మా పెద్ద చెరువులో చేపలు పట్టుబడికి వచ్చాయి. లారీలు మాట్లాడేశారు, ఐస్ వచ్చేసింది, ఆయన కదిలే వీల్లేదు. "అమ్మని తీసుకెళ్లు. ఏలూరు దాటి ఏం చూసింది గనక" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికి నాకు రెండుసార్లు కడుపు పోయింది. పలకరించే వాళ్లని చూస్తేనే పారిపోవాలనిపించే రోజులవి. నాలుగు రోజులు మొగుడూ పెళ్లాలం ఎవరూ ఎరగని చోట తిరిగొద్దామని ఆశపడితే, పక్కసీట్లో అత్తగారు. పాపం ఆవిడ మాత్రం విమానంలో ఇచ్చిన రొట్టెముక్కని కూడా "ఆకలేస్తుందేమో నీకు" అని నా కోసం దాచిపెట్టారు. నేను మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను.

మూడో రోజు బస్సు మమ్మల్ని ఒక కొండమీద గుడికి తీసుకెళ్లింది. ఎర్ర స్తంభాలు, వరసలు వరసలుగా ఎర్ర లాంతర్లు, కప్పు అంచుల మీద రంగురంగుల డ్రాగన్లు. అది చైనావాళ్ల టావో మతం గుడి అనీ, లోపలున్నది సముద్రం మీదికి వెళ్లేవాళ్లని కాపాడే దేవత అనీ గైడు ఇంగ్లీషులో చెప్పాడు. అందరూ చెప్పులతోనే తిరుగుతున్నారు. మా అత్తయ్యగారు మాత్రం మెట్ల దగ్గరే చెప్పులు విప్పేసి, కాళ్లు కడుక్కోడానికి కుళాయి ఎక్కడుందని వెతుకుతున్నారు.

"ఏ అమ్మవారమ్మా ఈవిడ?" అని అడిగారు.

మిగతా డీలర్ల భార్యలు ఫొటోలకి పిలుస్తున్నారు. ఆ తర్వాత షాపింగుకి వెళ్లాలి. ఈవిడకి టావో మతం గురించి చెప్పే ఓపిక నాకెక్కడిది, అసలు నాకు తెలిస్తే కదా. "గంగానమ్మేనండీ అత్తయ్యగారూ. నీళ్లని కాచే తల్లంట. దణ్ణం పెట్టుకుని వచ్చేయండి" అన్నాను.

లోపల చైనా ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, అర్ధచంద్రాకారంలో ఉన్న రెండు చెక్కముక్కల్ని నేలమీద వదులుతున్నారు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే అడిగినదానికి దేవత సరేనన్నట్టు. మా అత్తయ్యగారు కాసేపు గమనించి, కొంగు నడుముకి దోపుకుని తానూ మోకరిల్లారు. కళ్లు మూసుకుని చాలాసేపు ఏదో చెప్పుకుని చెక్కలు వదిలారు. నేను ఫోనులో వీడియో తీస్తూ పక్కావిడతో కలిసి నవ్వుతున్నాను. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడ్డాయి. ఆవిడ ఆ ముక్కలు రెండూ కళ్లకద్దుకున్నారు.

బస్సెక్కాక నా చెయ్యి పట్టుకుని మెల్లిగా చెప్పారు. "నా కోడలి కడుపు నిలబెడితే బిడ్డనెత్తుకుని మళ్లీ నీ కొండెక్కుతానమ్మా, అందాకా చేప నోట పెట్టనని మొక్కుకున్నాను. తల్లి ఒప్పుకుంది."

నా నవ్వు ఎటు పోయిందో తెలీదు. అది గంగానమ్మ కాదని అప్పుడైనా నేను చెప్పాల్సింది. వేయి పనులున్న దాన్లా బ్యాగులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాను.

మరుసటేడు పాప పుట్టింది. చంటిదాన్ని చూసిన ప్రతివాళ్లకీ ఆ కొండ గురించి చెప్పేవారు ఆవిడ. కానీ మళ్లీ వెళ్లడం ఎలా? ఆ ఏడాది వైరస్ తగిలి చెరువులు దెబ్బతిన్నాయి, మేత అమ్మకాలు పడిపోయాయి, కంపెనీవాళ్లు మమ్మల్ని మర్చిపోయారు. ఈలోగా ఆవిడకి మోకాళ్లు పట్టేశాయి. మంచం దిగడానికే గోడ కావాలి, ఇక కొండ ఎక్కడ ఎక్కుతారు? మనిషి చిక్కి సగమయ్యారు. ఏలూరులో డాక్టరు గారు రక్తం తక్కువగా ఉంది, చేపలు బాగా తినండి అంటే, ఈవిడ నవ్వేశారు.

దారి చూపించింది మా పక్కింటి పెద్దావిడ. "గంగానమ్మ ఎక్కడున్నా గంగానమ్మేనండీ. అంత దూరం పోలేకపోతే ఏలూరులో తల్లికి చెప్పుకుని మొక్కు ఇక్కడే తీర్చేసుకోండి, ఏం తప్పులేదు" అంది. మా అత్తయ్యగారి మొహం విప్పారింది. ఆదివారం వెళ్దామన్నారు. చంటిదానికి కొత్త గౌను, తల్లికి చీర కొనిపించారు. సిగ్గుపడుతూనే కొడుకుతో "ఆ రోజు ఓ మంచి కొరమీను చూడరా" అని కూడా అన్నారు.

గండం గడిచిందని నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేకపోయాను. శనివారం మధ్యాహ్నం ఆవిడ అమ్మవారి చీర మీద పసుపు బొట్లు పెడుతూ, "నీ మాట వల్లేనమ్మా ఇదంతా. నువ్వు గంగానమ్మ అని చెప్పకపోతే నేను మొక్కుకునేదాన్నా" అన్నారు. ఆ మాట సూటిగా తగిలింది నాకు. "ఆవిడ గంగానమ్మ కాదండీ. వాళ్ల దేవత. పేరు కూడా నాకు సరిగ్గా తెలీదు. తొందరలో అలా అనేశాను" అని కక్కేశాను.

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. పసుపు గిన్నె పక్కన పెట్టి, నిద్రపోతున్న పాప వైపు చూశారు.

"అయితే ఏలూరులో తీర్చుకుంటే చెల్లదు కదమ్మా. బిడ్డనిచ్చింది ఆవిడ."

"దేవుళ్లంతా ఒకటేనండీ అత్తయ్యగారూ" అన్నాను కంగారుగా.

"ఒకటే అయితే ఇవాళ నాకెందుకు చెప్పావమ్మా?"

నా మనసులో బరువు దించుకోవడానికి చెప్పాను. ఆవిడకి దొరికిన ఒక్క దారీ నా చేత్తోనే మూసేశాను.

ఆదివారం ఏలూరు వెళ్లాం. గంగానమ్మకి చీర పెట్టి, కొబ్బరికాయ కొట్టి వచ్చాం. మొక్కు సంగతి ఆవిడ అక్కడ ఎత్తలేదు. నేను బయటపెట్టిన నిజం తెలియని మా ఆయన కొరమీను తెచ్చారు. నేను పులుసు పెట్టి, బతిమాలి, ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చాను. తప్పు నాది, పాపం నాకు తగులుతుంది, మీరు తినండి అన్నాను.

ఆవిడ నా తల నిమిరారు. "నీ మీద కోపం కాదే పిచ్చిదానా. మన తల్లయితే, ముసలిదాన్నయిపోయాను, కొండెక్కలేనమ్మా అని చెప్పుకుని బతిమాలుకుందును. ఆవిడకి మన మాటే రాదాయె. ఎలా చెప్పుకోను?"