నాన్న భుజానికి అమరిన తుపాకీ

నేను రైఫిల్ కొంటానంటే, కాలేజీలో పట్టుకున్న ఎన్.సి.సి. పిచ్చి ఇంకా వదల్లేదని ఇంట్లో అందరూ తేల్చేశారు. "ఆడపిల్లకి తుపాకీ ఏమిటే?" అని అమ్మ పొద్దున్నే మొదలుపెట్టింది. అది నాన్న కోసమని ఎవరికీ తట్టలేదు.

నాన్న కారు నడిపేది ఒక అరబ్బు యజమానికి. శుక్రవారాలు ఎడారిలో గురి చూసి కాల్చడానికి వెళుతూ ఆయన నాన్ననీ తీసుకెళతాడు. ఆయనిచ్చే తుపాకీ పేలినప్పుడల్లా వెనక్కి తన్ని తన్ని భుజం నొప్పెట్టడంతో నాన్న ఈమధ్య మానేశాడు. సొంతంగా ఒకటి కొనుక్కుంటే లైసెన్సు తన పేర పెట్టుకుంటానన్నాడు ఆయన.

సాయంత్రం నాన్నని ఇక్కడి దేరా బజార్లో తుపాకుల కొట్టుకి లాక్కెళ్ళాను. రెండు గొట్టాల రైఫిళ్ళు రెండు చూపించారు. ఒకటి కొత్తది, చవక, తేలిక. రెండోది పాత ఇంగ్లీషుది, బాగా బరువు, ఖరీదూ ఎక్కువే.

"తేల్కది జాస్తి తంతది బేటీ," అన్నాడు కొట్లో హైదరాబాదీ పెద్దాయన. కళ్ళు మూసుకుని భుజానికెత్తి, అప్పుడు తెరవమన్నాడు. గురి తిన్నగా కనిపిస్తే ఆ తుపాకీ మనిషికి అమరినట్టట.

పాతదానితో కళ్ళు తెరిచిన నాన్న మీసాల కింద నవ్వు దాచుకోలేకపోయాడు. వెంటనే దించేశాడు.

"కొత్తదే బాగుంది తల్లీ."

"మరి భుజం?"

"భుజానికేం, రాయిలా ఉంది. నీ జీతమంతా ఆ పాతదానికి తగలేస్తానా? యల్లా, పద."

పిచ్చి నాదైతే ఈ అబద్ధాన్ని ఏమంటారు? మీ నాన్నలూ ఇంతేనా, చెప్పండి.

పాతదే కొన్నాను.