సర్వీసుకి పోయే కారు

నరసరావుపేటలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసే కామేశం ఏడాది కిందట కరెంటు కారు కొన్నాడు. మామూలుది కాదు, జర్మనీది. సత్తెనపల్లిలో తోడల్లుడు పెద్ద డీజిల్ కారు కొన్న మూడో వారమే కొన్నాడు కాబట్టి, ఎందుకు కొన్నావని ఇంట్లో ఎవరూ అడగలేదు. భార్య రామతులసి అసలే అడగలేదు. ఆ మనిషి ఏ పని ఎవర్ని చూసి చేస్తాడో ముప్పై ఏళ్ల కాపురం చేసిన ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

కారొచ్చాక ఇంటి తీరే మారింది. ఛార్జింగ్ పెట్టె కోసం కరెంటాఫీసు చుట్టూ తిరిగి త్రీఫేజ్ వేయించాడు. ఆ పెట్టె బిగించే చోట రామతులసి పెంచుకున్న గోరింట చెట్టు అడ్డమైందని కొట్టించేశాడు. ఛార్జింగ్ అయ్యేంతసేపూ మిక్సీ వేయొద్దన్నాడు, కారు బ్యాటరీకి దెబ్బంట. ఎవరు చెప్పారో ఆయనకీ తెలియదు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తియ్యనియ్యలేదు. కొట్టుకి మాత్రం పాత స్కూటర్ మీదే పోయేవాడు, బజార్లో ఆటోలు గీకుతాయని.

మరి కారెక్కడికి పోయేది? సర్వీసుకి. విజయవాడ షోరూముకి. ఏడాదికొకసారి తెస్తే చాలని వాళ్లు మొత్తుకున్నా వినలేదు. అద్దం దించితే కీచుమందని ఒకసారి, తెర మీద పసుప్పచ్చ గుర్తు వెలిగిందని ఇంకోసారి, ఏ గుర్తూ ఎందుకు వెలగడం లేదోనని మరోసారి. ఇంజనే లేని బండికి ఆయిలేం మారుస్తారు? చక్రాల్లో గాలి చూసి, ల్యాప్‌టాప్ తగిలించి, "అంతా బాగుంది సార్" అని కాగితం చేతిలో పెట్టేవాళ్లు. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి బీరువాలో దాచేవాడు.

రామతులసి ఒకసారి వెంట వెళ్లింది. గాజు గదిలో కూచోబెట్టి చేదు కాఫీ ఇచ్చారు. అవతల కారుని పైకెత్తి చూస్తుంటే, ఈయన ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డవాడిలా చేతులు నలుపుకున్నాడు. ఆమెకి నవ్వు కూడా రాలేదు. తన రెండు కాన్పులకీ ఈ మనిషి కొట్టు మూసి వచ్చింది లేదు.

ఆషాఢంలో పిచ్చమ్మ జారిపడింది. ఇరవై రెండేళ్లు వాళ్లింట్లో వంట చేసి, మోకాళ్లు పట్టేశాక బొల్లాపల్లిలో కూతురి దగ్గరికి పోయిన మనిషి. తుంటి ఎముకకి నరసరావుపేటలోనే ఆపరేషన్ అయింది. మళ్లీ నడవాలంటే ఆర్నెల్లపాటు వారం వారం ఆసుపత్రికొచ్చి కసరత్తు చెయ్యాలన్నారు. ఆటో కుదుపులకి ప్రాణం పోతోందని ఫోన్లో ఏడ్చింది.

"ఏమండీ, పిచ్చమ్మని మన కార్లో తీసుకొద్దాం" అంది రామతులసి.

"పిచ్చమ్మనా? ఆ కార్లోనా? ఏమే, మతి ఉండే మాట్లాడుతున్నావా? ఆ రోడ్డేంది, ఈ బండేంది! బ్యాటరీ అంతా అడుగునే ఉంటది. ఒక్క రాయి తగిలితే అయిపోయె."

"ఇరవై రెండేళ్లు ఆమె చేతి వంట తిన్నారు."

"జీతం ఇచ్చాంగా."

రామతులసి మళ్లీ అడగలేదు. మర్నాడు ఆయన కొట్టుకి పోగానే, ఆడవాళ్లకి డ్రైవింగ్ నేర్పే అపర్ణ దగ్గర చేరింది. యాభై మూడేళ్ల వయసులో పాత మారుతి క్లచ్చి తొక్కలేక నడిరోడ్డు మీద బండి ఆపేస్తే, వెనక లారీల వాళ్లు తిట్టని తిట్టు లేదు.

"వాళ్లనట్టా అరవనీ ఆంటీ. ఇది తొక్కితే మీ ఇంట్లోది బొమ్మ కారు. దానికి క్లచ్చీ లేదు, గేరూ లేదు" అంది అపర్ణ.

రెండు నెలలకి లైసెన్సు చేతికొచ్చింది. ఆ శనివారం రామతులసి సీట్ల కవర్లు పీకి చెత్తబుట్టలో వేసి, కారు బయటికి తీసింది.

వినుకొండ చేరేసరికి ఫోన్ మోగింది. కారెక్కడుందో చూపించే యాప్ ఒకటి కామేశం ఫోన్లో ఉంది. బేరాలు లేనప్పుడల్లా దాన్ని తెరిచి, కారు ఇంట్లోనే ఉందని చూసుకుని మురిసిపోవడం ఆయనకి అలవాటు.

"తులసీ! కారెవడో ఎత్తుకుపోయాడే! వినుకొండలో చూపిస్తంది!"

"ఎవడూ ఎత్తుకుపోలా. నేనే నడుపుతున్నా."

"నువ్వా? నీకు డ్రైవింగేంది?"

"రెండు నెలల్నించీ నేర్చుకుంటున్నా. రోజూ పొద్దున ఎటు పోతున్నావని మీరు అడగలా, నేను చెప్పలా."

"అడుగు తగుల్తదే! ఇరవై దాటించబాక!"

"పెట్టేయండి. నడిపేటప్పుడు ఫోన్ మాట్లాడగూడదంట."

బొల్లాపల్లిలో పిచ్చమ్మ కారుని చూసి జంకింది. "వద్దులే తులసమ్మా, నా కాళ్లకి మట్టుంది. అయ్యగారు కోప్పడతారు."

"కోప్పడనీ. నువ్వెక్కు."

మీట నొక్కితే సీటు వెనక్కి వాలింది. పిచ్చమ్మ పేట వచ్చేదాకా నోరు తెరిచి నిద్రపోయింది. దారిలో ఒకచోట అడుగున రాయి ఠంగుమంది. మలుపులో తుమ్మకంప తలుపు మీద మూరెడు గీత గీసింది. కారు పోతూనే ఉంది.

సాయంత్రం కామేశం ఆ గీతని వేలితో తడిమి తడిమి చూశాడు. మూడు రోజులు పెళ్లాంతో మాట్లాడలేదు. నాలుగో రోజు విజయవాడ పరిగెత్తాడు. వాళ్లు పైకెత్తి చూసి, "అడుగున ఏం కాలేదు సార్. ఊరికే నిలబెట్టకండి, తిరుగుతుంటేనే బండికి మంచిది" అన్నారు. ఆ కాగితమూ బీరువాలోకే పోయింది.

ఇప్పుడు కొట్టుకొచ్చిన వాళ్లతో, "మా ఆవిడకి డ్రైవింగ్ నేనే దగ్గరుండి నేర్పించా. ఆడవాళ్లు ఇంట్లో కూచుంటే ఎట్టా?" అంటున్నాడంట. గుమస్తా వచ్చి ఆ సంగతి చెబితే, రామతులసి కూర తరుగుతూ తలైనా ఎత్తలేదు. వారం వారం ఆ కార్లోనే ఆసుపత్రికొస్తున్న పిచ్చమ్మ చేతికర్రతో వాకిట్లోకి రాగలుగుతోంది. ఇంకో నాలుగు వారాలు తిప్పితే చాలని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత కారేసుకుని ఎటు పోవాలో రామతులసి ఇంకా తేల్చుకోలేదు. ఆయన్ని అడగాలన్న ఆలోచన మాత్రం ఆమెకి లేదు.