టాయిలెట్ రోల్ మీద విచారణ

మనమంతా నీళ్లవాళ్లం, కాగితమంటే మనకు అసహ్యం అని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటారే, మరి మీ ఆఫీసు బాత్రూంలో పొద్దున పెట్టిన టాయిలెట్ రోల్ మధ్యాహ్నానికల్లా ఉత్త అట్టగొట్టంగా ఎలా మిగులుతోందో ఎప్పుడైనా నిజాయితీగా ఆలోచించారా? నేను ఆలోచించాను. ఆలోచించడమే కాదు, విచారణ కూడా జరిపాను.

ఆ రోజుల్లో నాకు అనుమానమే ఆహారం. హేతువాద సభల్లో మైకు చేతికొస్తే వదిలేవాణ్ని కాదు. నిమ్మకాయలో నెత్తురు తీసే బాబాలను, తాయెత్తులు కట్టేవాళ్లను వేదిక మీదికి పిలిచి మరీ సవాలు చేసేవాణ్ని. (“దేవుణ్ని అనుమానించు గాని బిడ్డా, నేను వండిన కూరను అనుమానించకు” అని మా అమ్మ మొత్తుకునేది.) అలాంటి నాకు విమానాశ్రయం సరుకుల గోదాములో ఉద్యోగం దొరికి, శంషాబాద్‌లో ఒక వాకిట్లో గది కిరాయికి దొరికింది. పొలం అమ్మిన డబ్బుతో ఓనరు పెద్దమ్మ వరుసగా గదులు వేసింది గాని, బాత్రూం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఉత్సాహం చల్లారినట్టుంది. వాకిలి చివర ఒకటే బాత్రూం. పెద్దమ్మకూ అదే, మాకూ అదే. మేమంటే నేను, విమానాలకు భోజనం వండే వంటశాలలో పనిచేసే గోదావరి అన్న, విమానాశ్రయంలో మరుగుదొడ్లు శుభ్రం చేసే చర్చి అక్క, ఆమె కూతురు. ఆ పిల్ల పదో తరగతి.

ఆ బాత్రూంలోకి మొదట రోల్ తెచ్చి మేకుకు వేలాడదీసింది గోదావరి అన్న. “చేతులు తుడుచుకోవడానికేనండీ, ఇంకోదానికి కాదు” అని అడక్కుండానే అందరికీ సంజాయిషీ చెప్పుకున్నాడు. పెద్దమ్మ ముక్కు మీద వేలేసుకుంది. “గీ కాయిదంతోని మాకేం పని నాయినా? నీళ్లున్నయి, చెయ్యున్నది” అంది. నేనూ ముట్టనన్నాను. చర్చి అక్క నవ్వి ఊరుకుంది. ఎవ్వరూ ముట్టని ఆ రోల్ రెండు రోజుల్లో మాయమైంది. ఇంకోటి పెడితే అదీ పోయింది. అన్న మొహం వాడిపోయింది. వాకిట్లో చూపులు మారిపోయాయి. బాత్రూంలోంచి వచ్చేవాళ్ల జేబుల వైపు, సంచుల వైపు, కొంగు ముడి వైపు అందరూ ఓరగా చూడటం మొదలుపెట్టారు. నాకు జలుబు చేసి జేబురుమాలు తీస్తే గోదావరి అన్న దాని రంగు పరీక్షగా చూశాడు.

చివరికి పెద్దమ్మ చర్చి అక్క గది వైపు చెయ్యి చూపించి తీర్పు చెప్పేసింది. “గామె పనే గది కదా బిడ్డా. కాయిదం ఇలువ గామెకు గాక ఎవలకు ఎరుక?” నాలోని వక్త లేచి నిలబడ్డాడు. “పెద్దమ్మా, బంగారం కొట్లో పనిచేసేటామె మన ఇంట్ల గిల్టు గొలుసు ఎత్తుకపోతదా?” అన్నాను. పెద్దమ్మ కరగలేదు. ఆదివారంలోగా దొంగ ఎవరో తేలాలి, లేకపోతే చర్చి అక్క గది ఖాళీ చేయాలి. సోమవారం ఆ పిల్లకు మొదటి పరీక్ష. “పొమ్మంటే పోత పెద్దమ్మా. దొంగ అనిపించుకోని మాత్రం పోను” అంది అక్క.

దెయ్యాలు లేవని నిరూపించినవాణ్ని, రోల్ దొంగను పట్టలేనా అనుకున్నాను. పొద్దున్నే నోట్లో బ్రష్షు పెట్టుకుని సంపు పక్కన నిలబడి కాపలా కాసేవాణ్ని. లోపలికెళ్లినవాళ్లు ఏం పట్టుకెళ్లారు, ఏం తెచ్చారు అన్నీ గమనించేవాణ్ని. నురగ గడ్డం మీదికి కారుతున్నా కదిలేవాణ్ని కాదు. తేలింది ఏమీ లేదు. పైగా నా మీదే అనుమానం పెరిగింది. “ఏంది బిడ్డా, ఆడోళ్లు బాత్రూంకు పోయే టైముకే పండ్లు తోముతున్నవ్?” అని పెద్దమ్మ అడిగిన రోజు, సైన్సు కోసం అవమానాలు పడిన మహానుభావుల వరసలో నన్ను నేను చేర్చుకుని ఓదార్చుకున్నాను.

ఆదివారం వచ్చింది. చర్చికి వెళ్లడానికి తెల్లచీర కట్టుకున్న అక్క, ఆమె వెనక పుస్తకంలో వేలు పెట్టుకుని కూతురు, చేతులు కట్టుకుని గోదావరి అన్న, నడుం మీద చెయ్యేసుకుని పెద్దమ్మ. నేను బ్రష్షు నోట్లోంచి తీసి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఊహల మీద తీర్పులు చెప్పకూడదనీ, ముందు ఘటనాస్థలం పరిశీలించాలనీ చెప్పి అందరినీ బాత్రూం ముందుకు నడిపించాను. తలుపుకు బయటినుంచి గొళ్లెం వేసి ఉంది.

“తియ్యన్నా” అన్నాను. గోదావరి అన్న చెయ్యి చాచాడు, ఆపాడు, జేబులు తడుముకున్నాడు. “కర్చీఫ్ గదిలో మర్చిపోయానండీ” అని వెనక్కి జరిగాడు. “జరుగు” అంటూ పెద్దమ్మ ముందుకొచ్చి, కొంగు చేతికి చుట్టుకుని, అది కొత్తచీర కొంగని గుర్తొచ్చి ఆగిపోయింది. విచారణకు ఆలస్యమవుతోందన్న చిరాకుతో నేను వాళ్లిద్దరినీ తప్పించి, చేతిలోని బ్రష్షుతో గొళ్లెం పైకి లేపి తలుపు నెట్టాను.

 చర్చి అక్క నవ్వు మొదలైంది. పమిట నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. “తమ్మీ, గా బ్రష్షు మల్ల నోట్లనే పెట్టుకుంటవా?”

బ్రష్షు వైపు చూశాను. నోరు తెరవడానికి భయమేసింది. గోదావరి అన్న గొంతు సవరించుకుని, “నేను కొంచెమేనండీ... లోపలి గొళ్లేనికి మాత్రమే” అన్నాడు. “నేను గూడ గంతే” అంది పెద్దమ్మ. “గొళ్లేనికి, నల్లాకు, ఇగ మగ్గుకు.” లెక్క కుదిరింది. ఆ కాగితంతో ఎవరూ తుడుచుకోలేదు. రోజంతా ఒకరి చెయ్యి పడినచోట ఇంకొకరి చెయ్యి పడకుండా చుట్టుకుని, చుట్టుకుని, మరుగుదొడ్డి గుంతలో పారేశారు.

అక్క నవ్వు ఆగింది. “నేను ఉత్త చేత్తోనే తీస్త. మరి మీరు ఎవరి చెయ్యికి గింత భయపడ్తున్నరు పెద్దమ్మా?”

 జవాబు మాకందరికీ తెలుసు గాని, అది వెలుతురులో పైకి చెప్పగలిగింది కాదు. పెద్దమ్మ కొంగు విప్పుకుంది. గొళ్లెం వైపే చూస్తూ, “పిల్ల పరీక్షలు మంచిగ రాయనీ” అని గొణిగింది. “పరీక్షలైనంక గూడ ఈడనే ఉంట. కిరాయి కడ్తున్న గదా” అని అక్క కూతురి చెయ్యి పట్టుకుని చర్చికి వెళ్లిపోయింది. నేను బ్రష్షు చెత్తబుట్టలో పడేసి, వేలితో పళ్లు తోముకున్నాను.

ఇప్పుడు ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. దేశంలోని మూఢనమ్మకాలన్నిటినీ తరిమేస్తానని బయల్దేరి, అరచేతి పొడవు ఇనుప గొళ్లెం దగ్గర ఆగిపోయిన ఆ నురగ మూతివాడు కొంచెం ముద్దొస్తాడు కూడా.

మీరు మాత్రం నవ్వి ఊరుకోకండి. మీ గిన్నెలు తోమి, మీ బాత్రూం కడిగి వెళ్లే ఆమె తనకు అవసరం వస్తే ఎక్కడికి వెళుతోందో ఎన్నడైనా అడిగారా? ఈ రోజు ఆమె రాగానే చెప్పండి: “అక్కా, మా బాత్రూం వాడుకో.” రేపు కాదు, ఈ రోజే చెప్పండి.