అడవిపొలం రేడియో మనిషికి నేను చెప్పని మాట

వానాకాలం మొదట్లో, పొద్దున్న పదకొండింటికి, ఇండోచైనాలో ఒక కాలువ గట్టున దిగాం. యాభైల మొదటి ఏళ్ళు. మా యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళదే. మేం వాళ్ళ సైన్యంలో జవాన్లం. మట్టిగోడ, చుట్టూ ముళ్ళకంచె, లోపల ముప్పై మంది. మోకాలి లోతు బురద. నేను మరతుపాకీ దగ్గర. రేడియో మీద మా యానాం పక్కనున్న అడవిపొలం ఊరి మనిషి, గోదావరి మీద చేపల వేటకెళ్ళే ఇంటివాడు. నన్ను బావా అనేవాడు. అక్కడ తెలుగు మా ఇద్దరికే వచ్చు.

నాలుగో నెలలో మా సామాన్ల పడవ మందుపాతర తగిలి పేలింది. నీళ్ళలోంచి ఐదుగురిని మేమిద్దరమే తీశాం. ఒక్కడూ బతకలేదు. మర్నాటి నుంచి నా చేతులు వణికేవి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోయేవాణ్ణి. సార్జెంటు చూశాడు.

"పట్నం ఆస్పత్రికి వెళ్ళు. ఆరు వారాలు. మంగళవారం, శుక్రవారం, తొమ్మిదింటికి మనసు డాక్టరు దగ్గర ఉండాలి. ఇది ఆర్డరు."

మంచానికి కట్టేస్తారనుకున్నాను. కరెంటు పెడతారనుకున్నాను. గదిలో రెండు కుర్చీలు, తెరిచిన కిటికీ ఉన్నాయి. డాక్టరు నెరిసిన జుట్టాయన. నాకొచ్చిన బడి ఫ్రెంచికి తగ్గట్టు నెమ్మదిగా మాట్లాడాడు.

"ఇవాళ ఏమీ చెప్పక్కర్లేదు. మొదట్లో ఇక్కడికొచ్చి వెళ్ళాక మరింత బాధగా ఉండొచ్చు. నిద్ర పట్టకపోవచ్చు. చెడిపోతున్నానని భయపడి మానెయ్యకు. శుక్రవారం రా."

మొదటి రోజు దాదాపు గంటసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆయన చెప్పినట్టే ఆ వారం మరీ నరకం. నాలుగోసారి వెళ్ళినప్పుడు పడవ గురించి నోరు విప్పాను. ఏడ్చాను. ఆయన అడ్డుపడలేదు. ఆరో వారానికి గుండీలు నా చేత్తో నేనే పెట్టుకున్నాను.

గట్టుకి తిరిగొచ్చేసరికి రేడియో మనిషి చిక్కి సగమయ్యాడు. అన్నం ముట్టడు. ఆపేసిన రేడియోలో ఎవరో పిలుస్తున్నారంటాడు. మధ్యాహ్నం తిండి దగ్గర, అందరి ముందూ అడిగాడు.

"బావా, ఏం చేత్తారక్కడ? పిచ్చోడని కాయితం రాసేత్తారా?"

మిగతావాళ్ళకి మా మాటలు అర్థం కావు. అయినా వాళ్ళంతా నా చేతులకేసే చూస్తున్నారు. సిగ్గేసింది.

"ఏముందిరా, రెండు సూదులు పొడుత్తారు. పడుకోబెడతారు."

"మాటాడిత్తారంట గదా?"

"మాటాడితే ఏం తగ్గుద్దిరా?"

వాడు తల ఊపాడు. మర్నాడు సార్జెంటు పిలిచి, "నువ్వూ వెళ్తావా?" అన్నాడు. "బాగానే ఉన్నానండి" అన్నాడు వాడు. నేను పక్కనే ఉన్నాను. తుపాకీ తుడుచుకుంటూ కూర్చున్నాను. వాడి చేతులు వణకలేదు కాబట్టి ఎవరూ మళ్ళీ అడగలేదు.

పద్నాలుగు నెలల తరవాత ఇద్దరం కలిసే ఇంటికొచ్చాం. యానాంలో జెండా మారిపోయింది. రేవులో పడవ దిగేసరికి సాయంత్రం నాలుగయింది. వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి వాడి రెండు బుగ్గలూ పట్టుకుని పేరు పెట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది. వాడు ఆవిణ్ణి చూడలేదు. ఒక చెవి మీద అరచెయ్యి అదిమి పెట్టుకుని, నీళ్ళకేసి చూస్తూ, ఫ్రెంచిలో అన్నాడు: "సరిగ్గా వినబడటం లేదు. మళ్ళీ చెప్పండి."

ఆవిడ నావైపు తిరిగింది. "ఏమంటన్నాడు బాబూ?"

"వచ్చేసేనంటన్నాడమ్మా" అన్నాను.

ఆవిడ నమ్మింది. నవ్వుతూ, వాడి చెవి మీంచి ఆ చెయ్యి ఒక్కొక్క వేలే విడదీసింది.