గుప్పిట్లో మంత్రి

ఆ డైరెక్టర్ గారి మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు. పోవాలని నేను కోరుకోవడమూ లేదు.

అప్పట్లో నేను ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ చెప్పేదాన్ని. తెలుగు రాని హీరోయిన్లకి గొంతు అరువిచ్చే పని. వెంగళరావు నగర్‌లో మా అద్దె ఇంటి నుంచి పొద్దున్నే బస్సెక్కి, చెక్‌పోస్ట్ దగ్గర దిగి, అక్కణ్ణుంచి ఆటోలో స్టూడియోకి వెళ్ళేదాన్ని. వెళ్ళాక పని తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. రీలు రాలేదనో, లోపల ఎవరో పెద్దాయన ఉన్నారనో గంటల తరబడి హాల్లో కూర్చోబెట్టేవాళ్ళు.

ఆ హాల్లో ఒక చదరంగం బల్ల ఉండేది. డైరెక్టర్ గారికి ఆ ఆటంటే ప్రాణం. ఆయన మీద గెలిచినవాళ్ళు ఎవరూ లేరనేవాళ్ళు. ఎందుకు లేరో ఒకరోజు ఆయనతో ఆడాక తెలిసింది. తను తప్పు ఎత్తు వేస్తే నవ్వుతూ పావుని వెనక్కి పెట్టేసుకునేవారు. నేను వేస్తే మాత్రం, "వేసేశావుగా అమ్మా," అన్నారు.

ఓడిపోయాను. దానికి నాకు బాధ లేదు. ఆయన అంతటితో ఊరుకోలేదు. అసిస్టెంట్లందర్నీ పిలిచి, నేను ఎక్కడెక్కడ తెలివితక్కువ పని చేశానో పావులు జరిపి మరీ చూపించారు. "గొంతుంటే చాలదమ్మా, ఇక్కడ కూడా ఉండాలి," అని వేలితో కణత మీద కొట్టుకున్నారు. అందరూ నవ్వారు. కాసేపటికి నేను మైకు ముందు నిలబడి, ఆయన సినిమాలో హీరోయిన్ కోసం మురిపెంగా నవ్వాలి. టేకు మీద టేకు తీసుకున్నా ఆ నవ్వు రాలేదు.

ఆ కోపంతోనే ఒక చదరంగం కోచ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మా వెనక వీధిలో ఉండేవారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆఫీసు జట్టు తరఫున ఆడి, రిటైరయ్యాక ఇంట్లోనే ఆట నేర్పేవారు. నేను చెప్పిందంతా విని, బల్ల నా ముందుకు జరిపారు.

"ఆ ఆట పెట్టి చూపెట్టు."

"సగం కూడా గుర్తు లేదు మేడం."

"మరి ఆడింది నువ్వేనా?"

ఎత్తులు, పైఎత్తులు ఉన్న పుస్తకం ఏదైనా ఇస్తారనుకున్నాను. ఇవ్వలేదు. ఆట అయ్యాక పావులన్నీ తీసేసి, మొదటి నుంచి మళ్ళీ నా చేతే ఆడించేవారు. ప్రతి ఎత్తుకీ ముందు అవతలివాళ్ళు ఏం చేయబోతున్నారో పైకి చెప్పాలి. చెప్పకుండా చెయ్యి లేపితే, "చెయ్యి కింద పెట్టు బిడ్డా," అనేవారు. ఓడిపోయే ఆటలో మధ్యలో బల్ల తిప్పి, ఆవిడ వైపు పావులు నాకిచ్చేవారు. గెలుస్తున్న పావులతో కూడా ఓడిపోయేదాన్ని.

"ఇలాగైతే ఎప్పటికి వస్తుంది మేడం?" అని విసుక్కుంటే, "నాకేం ఎరుక? నువ్వు ఆడు," అనేవారు.

ఎండాకాలం మొదలయ్యేసరికి ఎదుటివాళ్ళ ఎత్తు ముందే కనిపించడం మొదలైంది. అలాంటి రోజుల్లోనే ఒకసారి డైరెక్టర్ గారు హాల్లో నన్ను చూసి, "ఏమ్మా, ఇంకోసారి ఓడిపోతావా?" అన్నారు.

కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన ఫోన్లో ఎవరినో తిడుతూ ఆడుతున్నారు. అలా తిడుతూనే తన మంత్రిని తెచ్చి, సరిగ్గా నా గుర్రం దెబ్బకి అందే గడిలో పెట్టారు. ఇందులో మోసమేమైనా ఉందా అని మళ్ళీ చూశాను. ఏమీ లేదు. గుర్రంతో మంత్రిని కొట్టి చేతిలోకి తీసుకున్నాను.

"ఆగాగు, నేను చూడలేదు," అంటూ ఆయన చెయ్యి చాపారు.

గుప్పిట తెరవలేదు. "వెనక్కి తీసుకోకూడదండీ."

"సరదాకి ఆడుకుంటున్నామమ్మా."

"పోయినసారి నన్ను తీసుకోనివ్వలేదు కదండీ."

ఆయన ముఖం కందగడ్డలా అయింది. లోపల పనుందని లేచి వెళ్ళిపోయారు. ప్రొడక్షన్ మేనేజర్ నా పక్కకొచ్చి మెల్లగా, "ఇచ్చేయండి మేడం. ఆటే కదా," అన్నాడు.

"ఆటే అయితే ఆయన్నే ఓడిపొమ్మనండి," అన్నాను.

ఆదివారం కోచ్ ముందు ఆ ఆట మొత్తం తప్పు లేకుండా ఆడి చూపించాను. శభాష్ అంటారని ఎదురుచూశాను. ఆవిడ డైరెక్టర్ గారి వైపు కూర్చుని, "కానియ్యి, గెలువు," అన్నారు.

ఆవిడకి మంత్రి లేదు, నాకుంది. దొరికిన పావునల్లా కొట్టుకుంటూ పోయాను. చివరికి ఆవిడకి రాజు ఒక్కటే మిగిలింది. నా మంత్రిని ఆ రాజు దగ్గరికి తెచ్చాను. ఆవిడ చేతులు కట్టుకున్నారు.

"నా రాజుకు చెక్ లేదు. పోయేటందుకు గడి లేదు. ఆట డ్రా. గాయన ఆట ఇడిసి పోకుంటే గిట్లనే తప్పించుకునేటోడు."

చెప్పులేసుకుని బయటికొచ్చేశాను. డైరెక్టర్ మీద కూడా అంత కోపం రాలేదు. పార్కు చుట్టూ చెమటలు పట్టేదాకా తిరిగాను. ఎవరి మీద అరవాలో తెలియక వెనక్కి వచ్చాను. బల్ల మీద అదే ఆట, నేను మంత్రిని కొట్టిన దగ్గర నుంచి, సిద్ధంగా ఉంది.

"వచ్చినవా? జర ఆగు, పొయ్యి మీద పాలున్నయి."

చీకటి పడేదాకా ఆడాం. గెలిచాను. ఆవిడ మళ్ళీ పేర్చారు, మళ్ళీ గెలిచాను. ఇక చాలనిపించేదాకా అదే ఆట నా చేత గెలిపించి, "ఇప్పుడు ఇంటికి పో," అన్నారు.

ఆ డైరెక్టర్ గారి తర్వాతి సినిమాకి నాకు పిలుపు రాలేదు. అడిగితే, గొంతు పాతబడిందన్నారని మేనేజర్ చెప్పాడు. నాతో పనిచేసే ఒకావిడ, "ఒకసారి కలిసి పొరపాటైందని చెప్పి రావచ్చు కదా," అంది. పొరపాటు ఎవరిదో ఆవిడా చూసింది. నేను వెళ్ళలేదు. సీరియళ్ళకి డబ్బింగ్ చెప్పుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా కోచ్‌తో కలిసి టోర్నమెంట్లకి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ చాలా ఆటలు ఓడిపోయాను. గెలిచినవాళ్ళు నా తప్పులు ఎవరికీ చూపించకుండా చెయ్యి కలిపి, కుర్చీ వెనక్కి జరిపి, మంచినీళ్ళు తాగడానికి వెళ్ళేవాళ్ళు.